జట్టులో పదోవాడు

మొన్న ఒక అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి బోదకాలు మాత్రలు ఇచ్చింది. ఇవ్వడమంటే చేతిలో పెట్టి వెళ్ళిపోవడం కాదు. నేను మింగేదాకా ఎదురుగా నిలబడింది. ఈ వయసులో కూడా నా మీద ఇంత అపనమ్మకం ఉంచిన ఆడపిల్లని చూసి ముచ్చటేసింది. మింగాను. నోరు తెరిచి చూపించమంటుందేమో అనుకున్నాను గాని అంతదూరం పోలేదు. "మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఉందా అండీ, బోదకాలు?" అని అడిగింది. "ఇప్పుడు లేదమ్మా. మా పెదనాన్నగారికి ఉండేది. ఆయన కొడుక్కి రాబోతూ ఆగిపోయింది" అన్నాను. "మందులు వాడారా అండీ?" అంది ఉత్సాహంగా. వాడలేదమ్మా, పోయాడు అని చెప్పబుద్ధి కాలేదు. ఆ పిల్ల ఇంకా సగం వీధి తిరగాలి, ఎండ చూస్తే అలా ఉంది. మంచినీళ్ళిచ్చి పంపించాను. తనకి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను.

మాది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. నాన్న మిషన్ బడిలో హెడ్మాస్టరు. బడి మొత్తానికి ఉన్న మాస్టరు ఆయనొక్కరే కాబట్టి ఆ పదవికి ఎవరూ పోటీ వచ్చేవారు కాదు. నన్ను ఇంటర్మీడియట్‌కి గుడివాడలో మావయ్య ఇంట్లో ఉంచారు. బాస్కెట్‌బాల్ అక్కడే నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడం కంటే పొడుగ్గా ఉన్నాననడం సబబుగా ఉంటుంది. జట్టుకి పదిమంది కావాలి, ఆడతామని వచ్చినవాళ్ళు పదిమందే. ఆ విధంగా నేను కాలేజీ ఆటగాణ్ణయ్యాను. లేసులతో బిగించిన తోలు బంతి, అది లేసు వైపు నేల తగిలితే ఎటు లేస్తుందో దేవుడికి కూడా తెలిసేది కాదు. కోర్టు నల్లమట్టి. వానలు మొదలైతే బంతిని కిందికి కొట్టడమే మన వంతు, పైకి రావడం దాని ఇష్టం. ఆ రెండేళ్ళలో నేనొక గొప్ప ఆటగాణ్ణనే అభిప్రాయం నాకు కలిగింది. దాన్ని సరిదిద్దేవాళ్ళు గుడివాడలో లేకపోయారు.

తర్వాత బి.ఏ.కి బందరు మారాను. నాన్నకి అక్కడి కాలేజీ మిషన్‌వాళ్ళదని తృప్తి. నాకు మాత్రం అక్కడి కోర్టు కావాలి. గట్టిగా దిమ్మిసా కొట్టిన ఎర్ర గరప నేల, రంగు వేసిన బోర్డులు, మద్రాసులో శిక్షణ పొందివచ్చిన ఆటల మాస్టారు. ఆయన్ని అందరూ పి.డి. గారు అనేవాళ్ళు. ఆ కాలేజీ తరపున అంతర కళాశాలల పోటీల్లో ఆడినట్టు ఆయన సర్టిఫికెట్ ఇస్తే మద్రాసులో వ్యాయామ శిక్షణకి సీటు వచ్చేది. ఆ శిక్షణ అయితే ఏ హైస్కూల్లోనైనా డ్రిల్లు మాస్టరు ఉద్యోగం ఖాయం. అది రాకపోతే నాకు నాన్న బడి ఉంది, అందులో ఆయన పక్కన రెండో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీ తలుచుకుంటేనే నాకు ఆట మీద శ్రద్ధ పెరిగేది.

బందర్లో మా పెద్దమ్మగారింట్లో ఉన్నాను. పెదనాన్న కోర్టులో నకళ్ళు రాసే గుమాస్తా. ఆయన ఎడమకాలు మోకాలి కిందనించి ఒకే లావున పాదం దాకా దిగేది. చెప్పులు కుట్టేవాడు ఆయన కుడికాలికి ఒక చెప్పు, ఎడమకాలికి ఒక చిన్న పడవ కుట్టి ఇచ్చేవాడు. ఆ రోజుల్లో బందర్లో అదేమంత విశేషం కాదు. వీధిలో నిలబడితే పంచెల కింద అలాంటి కాళ్ళు ఎన్నో పోతుండేవి, ఎవరూ తల తిప్పి చూసేవారు కాదు. ఆ ఇంట్లో పొద్దున్న ప్రార్థన అయ్యాక మొదటి పని ఆ కాలిది. పెద్దమ్మ వేపాకు వేసి కాచిన నీళ్ళు ఇత్తడి బేసిన్లో పోసేది, పెదనాన్న కాలు అందులో పెట్టి పేపరు చదివేవారు, ఆవిడ వేళ్ళ సందులు ఒక్కొక్కటీ తుడిచి, పాత చీర పీలికతో తడి ఆరేదాకా అద్దేది. ఆ తర్వాతే కాఫీ. ఇవాళ్టికీ వేపాకు ఉడికే వాసన వస్తే నాకు కాఫీ తాగబుద్ధవుతుంది. మా ఆవిడ దీన్ని ఒక రోగంగానే లెక్కవేసింది.

ఆ కాలికి నెలకి ఒకసారో రెండుసార్లో జ్వరం వచ్చేది. పున్నమికో అమావాస్యకో వస్తుందని ఊరంతా నమ్మకం. వణుకు, గజ్జల్లో బిళ్ళ కట్టడం, కాలి మీద ఎర్రటి చార, మూడోరోజుకి దిగిపోవడం. అన్నీ ఒక పద్ధతిగా జరిగేవి. అందుకని గోడమీద చర్చివాళ్ళిచ్చిన కేలండరులో, వాక్యాల పక్కన, పెదనాన్న కోర్టులో శాస్త్రిగారిని అడిగి తిథులు ఎర్రపెన్సిలుతో గుర్తు పెట్టుకునేవారు. ఒకసారి పాస్టరుగారు అది చూసి, "ఇదేమిటండీ, మన ఇళ్ళల్లో పున్నాలూ అమావాస్యలూ?" అన్నారు నొచ్చుకుంటూ. "నేను బాప్తిస్మం తీసుకున్నానండీ. కాలు ఇంకా తీసుకోలేదు" అన్నారు పెదనాన్న. పాస్టరుగారు ప్రార్థన చేసి, కాఫీ తాగి వెళ్ళారు. గుర్తులు అలాగే ఉన్నాయి.

వాళ్ళబ్బాయి జయపాల్. నాకంటే రెండేళ్ళు పెద్ద, కాలేజీలో అది చివరి సంవత్సరం. పొట్టివాడు, ఎడంచేతి వాటం. చదువులో ఇద్దరం ఒకే స్థాయి. ఆ స్థాయి గురించి రాయడం అనవసరం. ఆటలో మాత్రం పోలిక లేదు. బంతి అతని చేతి కింద పెంపుడు కుక్కలా వెళ్ళేది. నేను వచ్చిన మొదటివారం కోర్టులో నన్ను చూసి, "ఒరే తమ్ముడూ, నువ్వు మనిషివి కాదురా, కొబ్బరిచెట్టువి. అదైనా ఎప్పుడో ఓ కాయ రాలుస్తుంది, నీకు అదీ లేదు" అన్నాడు. జట్టంతా నవ్వింది. ఆ నవ్వులో నేనూ కలిశాను, పొడుగువాళ్ళకి అంతకంటే దాక్కునే చోటుండదు.

ఇంత ఆట ఉన్నా ఆ ఏడు జట్టులో అతని చోటు ఖాయం కాలేదు. ఎందుకని మీరడగాలి. అతనికి కూడా ముందటేడు నించి జ్వరం మొదలైంది. కాలు ఇంకా లావెక్కలేదు, కాని గజ్జల్లో బిళ్ళ, వణుకు, మూడురోజులు మంచం. క్రితం ఏడాది పోటీలకి బయల్దేరే రోజునే పడుకున్నాడు. పి.డి. గారు తొమ్మిదిమందితో వెళ్ళి, ఓడిపోయి వచ్చారు. ఆయన అప్పటినించీ మనుషుల కాళ్ళవంక చూడటం మొదలుపెట్టారు. నన్నూ అలాగే చూశారు.

"ఏవోయ్ గుడివాడా, నీకు జ్వరాలేమన్నా వస్తాయా?"

"రావండీ."

"పున్నానికి? అమావాస్యకి?"

"ఏ తిథికీ రాదండీ. ఆదివారం చర్చిలో నిద్ర వస్తుంది, అంతే."

ఆయన నవ్వలేదు. "మనకి తొమ్మిదిమంది ఖాయం. పదో చోటు మీ ఇద్దర్లో ఒకరిది. జయపాల్ ఆడితే గెలుస్తాం. ఆడతాడో ఆడడో శుక్లపక్షానికే తెలియాలి. నువ్వు గెలిపించవు గాని రైలెక్కుతావు. ఏం చెయ్యమంటావు?" అన్నారు. నేనేం చెయ్యమంటాను. ట్రయలు మ్యాచి పెట్టి చూస్తానన్నారు.

అలా ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తింటూ, ఒకే చోటుకోసం ఇద్దరం తయారవుతున్నాం. పెద్దమ్మకి ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఇద్దరికీ మెత్తళ్ళ చేపల వేపుడు సమానంగా పంచేది, ఒకటి ఎక్కువైతే తాను తినేది. "ఇద్దర్నీ తీసుకోకూడదుట్రా ఆయన? పదైతేనేం పదకొండైతేనేం, వాళ్ళమ్మ వండిపెడుతోందా?" అనేది. "పదకొండోవాడు ఆడే ఆట వేరేనే, దాన్ని క్రికెట్టంటారు" అనేవాడు జయపాల్. అతనికి ఆ చోటు నాకంటే ఎక్కువ అవసరమని నాకు తెలుసు. చివరి ఏడాది. నకలు గుమాస్తాగా చేర్పించడానికి పెదనాన్న అప్పటికే పెద్ద గుమాస్తాగారితో మాట్లాడి ఉంచారు. "నాన్న కుర్చీ, నాన్న కలం, నాన్న కాలు, మూడూ నాకే రాసిపెట్టి ఉన్నాయిరా. కాలు ఎలాగూ తప్పదు, మిగతా రెండూ తప్పించుకుందామని" అన్నాడు ఒక సాయంత్రం కాలవగట్టున. ఎప్పుడూ నవ్విస్తూ మాట్లాడేవాడు, అప్పుడు కూడా నవ్విస్తూనే అన్నాడు గాని నాకు నవ్వు రాలేదు.

ట్రయలుకి కొద్ది రోజుల ముందు సాధన చేస్తుంటే జయపాల్ గరపమీద జారిపడ్డాడు. మోకాలికింద జానెడు మేర తోలు లేచిపోయింది. పి.డి. గారు అప్పుడు ఇంకో మూలకి చూస్తున్నారు. జయపాల్ గబగబా మేజోడు పైకి లాక్కుని పరిగెత్తాడు. కాలిమీద ఏ మచ్చ కనిపించినా ఆయన పేరు కొట్టేస్తారని భయం. ఇంట్లో పెద్దమ్మ పసుపు అద్దింది. ఆ నేలమీద పడనివాడు లేడు, అలాంటి దెబ్బలు అందరి కాళ్ళకీ ఉన్నాయి. మర్నాడు మళ్ళీ అదే మేజోడు, అదే గరప, అదే చెమట.

ట్రయలు మ్యాచిలో నన్ను అతనికి ఎదురు పెట్టారు. దాని గురించి అట్టే రాయను. నన్ను దాటుకుని వెళ్ళిపోయాడు, అంతే. ఒకసారి కాదు, సాయంత్రమంతా వెళ్తూనే ఉన్నాడు. చివరికి పి.డి. గారు ఈల ఊది, మా ఇద్దరినీ పిలిచి, "జయపాల్, జెర్సీ తీసుకో. ఈసారి నువ్వు పడుకుంటే నేనే వచ్చి మంచంతో సహా మోసుకుపోతా" అన్నారు. నావైపు తిరిగి, "గుడివాడా, బాగా నిలబడ్డావు" అన్నారు. ఆటగాణ్ణి ఇంతకంటే మర్యాదగా తీసిపారెయ్యడం నేను తర్వాత ఎక్కడా చూడలేదు. దార్లో జయపాల్ నా భుజంమీద చెయ్యివేసుకుని కుంటుతూ నడిచాడు. "నీకింకా ఒక ఏడాది ఉందిలేరా" అన్నాడు. చెయ్యి కాలుతోంది. ఆటవేడి అనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి వణుకు మొదలైంది. పెద్దమ్మ దుప్పట్లు కప్పింది. గజ్జల్లో బిళ్ళ, దెబ్బ తగిలిన చోటునించి పైకి ఎర్రచార. పెదనాన్న తన కాలు ఈడ్చుకుంటూ వచ్చి, వంగి, చూపుడువేలితో ఆ చార పొడుగునా రాసి చూశారు. ఆ విషయంలో ఆ వీధికంతటికీ ఆయనే పెద్ద. తర్వాత గోడదగ్గరికి వెళ్ళి కేలండరు చూశారు. మర్నాడే అమావాస్య.

"మన జ్వరమేనే" అన్నారు పెద్దమ్మతో. ఆయన గొంతులో ఆదుర్దా లేదు, పైగా కాస్త సంతోషం వినిపించింది. "మంచిదే అయింది. ఇప్పుడొచ్చి పోతే ఇక పున్నానికిగాని రాదు. ఈలోగా పోటీలైపోతాయి."

ఇది చదివేవాళ్ళకి వింతగా ఉండొచ్చు, కాని ఆ రాత్రి ఆ ఇంట్లో అందరం కుదుటపడ్డాం. ఏడాదిగా భయపడుతున్నది రానే వచ్చింది, సరైన రోజు చూసుకుని వచ్చింది. జయపాల్ దుప్పటిలోంచి తల బయటపెట్టి, "బుద్ధిగల జ్వరం నాన్నా. టైంటేబులు చూసుకుని వచ్చింది" అన్నాడు, పళ్ళు టకటకలాడుతుండగా. పెద్దమ్మ జిల్లేడాకు వెచ్చబెట్టి, ఆముదం రాసి కాలికి కట్టింది. జావ కాచింది. వచ్చిన ఇరుగుపొరుగువాళ్ళు తిథి అడిగి, తల ఊపి, కూర్చుని, తమ తమ జ్వరాల గురించి చెప్పి వెళ్ళారు. మిషన్ ఆసుపత్రి మా ఇంటికి ఎంతో దూరం లేదు. కాని బోదజ్వరానికి ఆసుపత్రికి వెళ్ళడమంటే జలుబుకి కలెక్టరుగారి దగ్గరికి వెళ్ళినట్టు. పి.డి. గారి చెవిన పడుతుందన్న భయం కూడా ఒకటి. "మూడోరోజుకి దిగిపోతుంది కదా, ఎందుకు అల్లరి" అన్నాడు జయపాలే.

మూడోరోజున దిగలేదు. కట్టు విప్పితే కాలు తొడదాకా నిగనిగలాడుతోంది, చీము వాసన వేపాకు వాసనని దాటి వచ్చింది. జయపాల్ నన్ను చూసి ఇంకెవరి పేరో పెట్టి పిలిచి, బంతి ఇటు వెయ్యమన్నాడు. అప్పుడు రిక్షా తెచ్చాను. ఆసుపత్రిలో డాక్టరమ్మ కాలు చూసింది, కళ్ళు చూసింది, తర్వాత మావైపు చూసింది.

"ఇది దెబ్బ చీముపట్టి వచ్చిన జ్వరం. రక్తంలోకి ఎక్కేసింది. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

పెదనాన్న చేతులు కట్టుకుని, కోర్టులో జడ్జిగారి ముందు నిలబడ్డట్టు నిలబడి, "అమావాస్య కదండీ అని చూశామండీ" అన్నారు.

ఆ మాట బందర్లో ఆవిడ ఎన్నిసార్లు వినుంటుందో. పెన్సిలిన్ ఇంజెక్షన్లు వెంటవెంటనే ఇచ్చారు. మర్నాడు పొద్దున్న, వార్డులో నర్సులు పాట పాడుకుంటూ పక్కలు మారుస్తున్న వేళ, జయపాల్ పోయాడు.

ఈమధ్య మా మనవడికి ఆటలో మోచెయ్యి గీసుకుంటే మా కోడలు వాణ్ణి స్కూటరుమీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇంజెక్షను చేయించి, మందుబిళ్ళలతో తీసుకొచ్చింది. నేను కూడా వెళ్ళాను. ఇంతదానికి ఎందుకండీ అని డాక్టరు నవ్వాడు. నేను నవ్వలేదు. ఇప్పటివాళ్ళకి అన్నిటికీ కంగారని మా ఈడువాళ్ళు పార్కు బెంచీల మీద కూర్చుని విసుక్కుంటుంటారు. ఆ మాట వచ్చినప్పుడు నేను లేచి ఇంకో చుట్టు నడిచివస్తాను. మా రోజుల్లో నిబ్బరం ఎక్కువన్న మాట నిజమే. జయపాల్ పోయింది మా అందరి నిబ్బరం వల్లనే. ఆ జ్వరం మాకు అంత బాగా తెలుసు మరి.

సమాధులతోటకి జట్టంతా వచ్చి పెట్టె మోసింది. పొడుగువాళ్ళం ముందు, మిగతావాళ్ళు వెనక కావడంతో పెట్టె ఏటవాలుగా వెళ్ళింది. తర్వాత పి.డి. గారు ఇంటికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. పోటీలు వారంలో ఉన్నాయి. ఆయన వచ్చింది దానికి కాదు, కాని ఆ సంగతి గదిలో కూర్చునే ఉంది. చివరికి పెదనాన్నే కదిపారు.

"మీకు పదిమంది కావాలి కదండీ."

"అది... తొమ్మిదిమందితో సర్దుకుంటామండీ."

"కిందటేడు మా వాడి వల్లే తొమ్మిదిమందితో వెళ్ళారు. ఈ ఏడు కూడా వాడివల్లేనని అనిపించకండి. వీణ్ణి తీసుకెళ్ళండి."

పెద్దమ్మ లోపలికి వెళ్ళి ఉతికి మడత పెట్టిన జెర్సీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అది నాకు బొడ్డు దాకానే వచ్చింది. కింద అతుకు వేస్తానంది గాని రంగు కలిసే గుడ్డ దొరకలేదు.

ఆ ఏడు పోటీలు గుడివాడలో. బందరు నించి రైల్లో వెళ్ళాం. పెడన దాటాక ఒకడు వేరుసెనక్కాయలు కొన్నాడు, నెమ్మదిగా మామూలు కుర్రాళ్ళమయ్యాం. నా పాత స్నేహితులు గీతల పక్కన నిలబడి, "ఒరే, బందర్లో గుడ్డకి కరువొచ్చిందిట్రా?" అని నా పొట్ట చూపించి అరిచారు. వాళ్ళకి తెలీదు, చెప్పలేదు. పి.డి. గారు నన్ను బెంచీ మీదనించి లేపింది ఆఖరి ఆటలో, ఆఖరి కాసేపు. బంతి నాకు రెండుసార్లు అందింది. ఒకసారి మావాడికే ఇచ్చాను, రెండోసారి అంపైరుకి. ఓడిపోయాం. సర్టిఫికెట్ మాత్రం అందరితో పాటు నాకూ ఇచ్చారు. దాంతోనే మద్రాసు వెళ్ళాను, ముప్ఫయ్యేళ్ళు హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టరుగా ఈల ఊదాను, ఆ జీతంతోనే పిల్లల్ని పెంచాను. ఇందులో నా ఆట వాటా ఎంతో పైన రాశాను.

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. పెదనాన్న వరండాలో పడకకుర్చీలో ఉన్నారు, కాలు ముక్కాలి పీట మీద. పెద్దమ్మ లోపల దీపం తుడుస్తోంది. గాజు మీద గుడ్డ ఆగడం వినిపించింది.

"గెలిచారా?" అన్నారు.

"లేదు పెదనాన్నా."

"వాడుంటే?"

గెలిచేవాళ్ళమంటే ఆయనకి బాధ, గెలిచేవాళ్ళం కాదంటే వాడికి అవమానం. నాకు కచ్చితంగా తెలిసింది ఒక్కటే ఉంది.

"వాడుంటే నన్ను తీసుకెళ్ళేవారే కాదు."

ఆయన తల ఊపారు. "నేనెప్పుడూ చూళ్ళేదురా. అంతదూరం ఈ కాలు వేసుకుని ఏం వస్తాంలే అనుకున్నాను. మంచంలో పడుకున్నప్పుడే చూశాను వాణ్ణి" అన్నారు. తర్వాత, "కూచో. ఎలా ఆడేవాడు?" అన్నారు.

కూచున్నాను. దాని గురించి చెప్పడానికి నాకంటే తగినవాడు ఆ జట్టులో లేడు. మిగతావాళ్ళంతా అతని పక్కన ఆడారు, ఎదురుగా నిలబడింది నేనే. ట్రయలు రోజు మొదటి బంతి నించి మొదలుపెట్టాను. కుడివైపు వంగి, కళ్ళతో కుడివైపే చూసి, నేను అటు కదలగానే బంతిని ఎడంచేతిలోకి మార్చుకుని నా మోచేతి కిందనించి ఎలా వెళ్ళిపోయాడో, నేను తిరిగేసరికి బోర్డు దగ్గర గాల్లో ఎలా ఉన్నాడో చెప్పాను. లోపల గుడ్డ చప్పుడు లేదు.

"నువ్వంత పొడుగున్నావు కదరా, ఆపలేకపోయావా?"

"ఆపలేకపోయాను పెదనాన్నా."

"ఏ వైపునించన్నావు?"

"ఎడంవైపు నించి."

ఆయన కాలు పీటమీద సర్దుకుని, కళ్ళు మూసుకున్నారు.

"మళ్ళీ చెప్పు" అన్నారు.